అమ్మ మాట లేని ఉత్తరం

తెలుగు ఉపాధ్యాయుడిగా నేను దిద్దిన వ్యాసాల పుస్తకాలకు లెక్క లేదు. 'మా ఊరు' అనే విషయం మీద వ్యాసం రాసుకొని రమ్మంటే ప్రతి సంవత్సరమూ సగం తరగతి ఒకే ఊరిని గురించి రాసుకొని వచ్చేది. ఆ ఊళ్ళో పచ్చని వరిపైరు గాలికి తలలూపుతూ ఉంటుంది. గలగల పారే ఏరు ఉంటుంది. దాని గట్టున కొబ్బరితోటలు ఉంటాయి. ఊరివాళ్ళంతా కష్టసుఖాలలో ఒకరికొకరు తోడుగా ఉంటారు. మా బడి ఉన్నది హోసూరు ప్రాంతంలో. అక్కడ ఏరు లేదు. చెరువు ఉంది గాని, ఏడాదిలో నాలుగు నెలలు అందులో నీళ్ళుంటే గొప్ప. పైరంటే రాగిపైరు. ఊరికి తూర్పున గుట్టను తొలిచి రాళ్ళు తీసే క్వారీ ఉంది. మధ్యాహ్నం అక్కడ మందు పేలినప్పుడు బడి కిటికీలు అదిరేవి. ఆ చప్పుడు ఒక్క వ్యాసంలోనూ వినిపించేది కాదు.

అయినా పిల్లల మీద నాకు కోపం వచ్చేది కాదు. వాళ్ళ వయసులో నేను చేసిన తప్పు ఇంతకంటె పెద్దది. దానివల్ల ఒక మనిషి ఉద్యోగం పోగొట్టుకొని, శిక్షకు గురి అయ్యేంత పని జరిగింది. ఆ సంగతి మీకు చెప్పాలి.

అది 1974వ సంవత్సరం. నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. మా ఊరు అప్పటి ధర్మపురి జిల్లాలో, ఇప్పటి కృష్ణగిరి జిల్లాలో ఉంది. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, ఎల్లకు అవతల ఉన్న చుట్టాలతో కన్నడం మాట్లాడుకొనే ఊరు. పెద్దవాళ్ళలో చదవడం, రాయడం వచ్చినవాళ్ళు చాలా తక్కువ. అందువల్ల వీధిలో ఉత్తరాలు రాసిపెట్టే పని, వచ్చిన ఉత్తరాలు చదివిపెట్టే పని మా చిన్నాయన కొడుకు చేసేవాడు. అతడు పని వెతుక్కొంటూ బెంగుళూరు వెళ్ళిపోయాడు. ఆ పని నాకు దక్కింది.

మా ఎదురింట్లో ఒక పెద్దమ్మ ఉండేది. రక్తసంబంధం లేదు; వరసకు పెద్దమ్మ. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కడే కొడుకు. అతడు సైన్యంలో చేరి ఎక్కడో మంచుకొండల దగ్గర ఉండేవాడు. అతడి చిరునామాలో ఊరి పేరు ఉండేది కాదు. అంకెలు మాత్రమే ఉండేవి. పెద్దమ్మ మాట కొంచెం కటువు. ఎవరినైనా పలకరించాలంటే ముందు ఒక తిట్టు తిట్టేది. తిట్టలేదంటే ఆమెకు ఒంట్లో బాగాలేదని వీధి అంతా అనుకొనేది.

మార్గశిర మాసం. పెద్దమ్మ అరుగు మీద కూర్చొని, నానబెట్టిన అనపగింజలు ఒక్కొక్కటే పితుకుతూ ఉత్తరం చెప్పింది.

"ఎట్లుండావురా? మూడు నెలలాయె, ఒగ కార్డు రాసేదానికి నీ చేతులేమన్నా పడిపోయినాయా? మన ఎర్రావు ఈనింది. కోడెదూడ. రెండు దినాలు కష్టపడింది, నేను కొట్టంలోనే పండుకొన్నా. వాన సరిగా పడలేదు. రాగులు నాలుగు మూటలే ఇల్లు చేరినాయి. అనపకాయ మాత్రం మంచుకు బాగా నిండింది. పితికిపప్పు పులుసు చేసినా. చేసినానే గాని ముద్ద దిగలేదు. నడిమింటి పెంకులు నువ్వు సర్దిపోయినావు గదా, ఇంగా కారలేదు. నీ పాత కంబళి నేనే కప్పుకొంటా ఉండా. ఆడ చలికి నువ్వేం కప్పుకొంటా ఉండావో ఏమో."

ఆ నెలలోనే మాకు బడిలో లేఖారచన పాఠం జరిగింది. నమూనా ఉత్తరాలన్నీ నాకు కంఠస్థం. నా విద్య చూపించే అవకాశం వచ్చిందని ఉప్పొంగిపోయాను. నేను రాసింది ఇది:

"చిరంజీవియైన కుమారునకు నీ తల్లి ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇచ్చట మేమందరము క్షేమము. అచ్చట నీ క్షేమసమాచారములు తెలియజేయగలవు. ఈ సంవత్సరము వర్షాభావముచే పంటలు తగినంతగా పండలేదు. నీ వియోగము వలన నా మనస్సు మిక్కిలి విచారముగా నున్నది. నీ ఆరోగ్యమును జాగ్రత్తగా చూచుకొనవలెను."

ఆవు ఈనిన సంగతి ఉత్తరంలో రాయదగినదిగా నాకు తోచలేదు. తిట్లు అసలే రాయకూడదు. 'కప్పుకొంటా ఉండా' అనే మాటను ఏ అక్షరాలతో రాయాలో ఏ పుస్తకంలోనూ చూడలేదు. రాసింది గట్టిగా చదివి వినిపించాను. పెద్దమ్మ చేతిలోని గింజలు వదిలేసి ఆశ్చర్యంగా విన్నది. "కలెక్టరు రాసినట్లుందిరా" అని మెచ్చుకొని, లోపలికి వెళ్ళి బెల్లంముక్క తెచ్చి పెట్టింది. నెల తర్వాత రెండో ఉత్తరం ఇంకా గంభీరంగా రాశాను.

ఆ తర్వాత అన్న దగ్గరనుంచి జవాబు వచ్చింది. అరుగు మీద పెద్దమ్మ, మా అవ్వ, మరో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. నేను ఉత్తరం విప్పి, పైకి చదివే ముందు కళ్ళతో ఒకసారి చూసుకొన్నాను. అందులో ఇలా ఉంది:

"ఈ రెండు ఉత్తరాలూ మా అమ్మ చెప్పినవి కావు. ఎర్రావు మాట లేదు. ఇంటి మాట లేదు. ఒక్క తిట్టయినా లేదు. నన్ను తిట్టకుండా మా అమ్మ ఉత్తరం రాయించదు. అమ్మకు ఏమయింది? ఏదో జరిగితే మీరంతా దాచిపెట్టి ఆమె పేరుతో రాస్తున్నారని నాకు అనుమానంగా ఉంది. ఇప్పుడు సెలవు దొరకదు. ఇంకొక ఉత్తరం ఇట్లాంటిదే వస్తే, సెలవు ఇచ్చినా ఇవ్వకపోయినా బయలుదేరి వస్తాను. తర్వాత ఏ శిక్ష పడినా పడనీ."

నా గొంతు ఎండిపోయింది. "ఏమని రాసినాడురా?" అని పెద్దమ్మ అడిగింది. "బాగుండాడంట పెద్దమ్మా. నిన్ను పదిలంగా ఉండమన్నాడు" అన్నాను. ఆమె నమ్మింది. మిగిలినవాళ్ళూ నమ్మారు. అంతకుముందు తల్లి మాటను కొడుకుకు చేరనివ్వలేదు. ఆ రోజు కొడుకు మాటను తల్లికి చేరనివ్వలేదు. ఇద్దరి నడుమా తలుపులాగా నిలబడి, గడియ వేసింది నేనే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అన్న రైలు దిగి వస్తున్నట్లు, అతడి వెనుక పోలీసులు వస్తున్నట్లు ఊహించుకొని వణికిపోయాను. చీకటితో లేచి అవ్వకు అంతా చెప్పాను. అవ్వ తిట్టలేదు. "నాకు చెప్పి ఏం లాభం? చెప్పాల్సినోళ్ళకు పోయి చెప్పు" అంది.

పెద్దమ్మ ఎర్రావు దగ్గర కూర్చొని పాలు పితుకుతోంది. నేను దూడను పట్టుకొని నిలబడి, తల వంచుకొని, అన్న రాసింది ఉన్నదున్నట్లు చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"ఎర్రావు సంగతి రాయలేదా?"

"లేదు పెద్దమ్మా."

"నేను తిట్టింది?"

"అదీ రాయలేదు."

పాలచెంబు నిండేదాకా ఆమె మాట్లాడలేదు. చెంబు పక్కన పెట్టి, "అయితే వానికి నేను సచ్చిపోయినట్లే అనిపించి ఉంటుంది గదరా" అంది. కొంచెంసేపు ఆగి, "పో, కాగితం తీసుకురా" అంది.

అక్కడే, కొట్టం గడప మీద కూర్చొని రాశాను. ఆమె తిట్టుతో మొదలుపెట్టింది. నేను కలం ఆపి ఆమె ముఖం చూశాను. "రాయి" అంది. రాశాను. 'ఉండా', 'ఒగ', 'ఇంగా' అన్న మాటలు నాకు వినిపించినట్లే రాశాను. ఎర్రావు, కోడెదూడ, నాలుగు మూటల రాగులు, కారని పెంకులు, కంబళి అన్నీ వచ్చాయి. తప్పంతా నాదేనని నా మాటగా చివర రెండు ముక్కలు రాశాను. చోటు చాలక అంచుల వెంబడి, మడతపెట్టే రెక్క మీద కూడా రాశాను. టపా సంచి వెళ్ళిపోకముందే చేరాలని పక్కఊరి పోస్టాఫీసుకు పరుగెత్తాను.

మూడు వారాలు గడిచాయి. సాయంత్రం బస్సు వచ్చినప్పుడల్లా ఎవరు దిగుతారోనని గుండె దడదడలాడేది. చివరికి ఉత్తరమే వచ్చింది. "అమ్మా, నీ ఉత్తరం అందింది. నీ తిట్లన్నీ అందినాయి. నాకు ఇక్కడ రెండు కంబళ్ళు ఇచ్చినారు, చలికి భయం లేదు. దూడకు ఏం పేరు పెట్టినావు?" అని ఉంది. అరుగు మీద అందరి ముందూ, ఒక్క అక్షరం వదలకుండా చదివాను.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు నేను దీనిని గురించి ఆలోచించాను. నేను రాసిన మొదటి ఉత్తరంలో అబద్ధం ఏముంది? వానలు పడకపోవడం నిజం. పంట తగ్గడం నిజం. తల్లికి దిగులుగా ఉండడం నిజం. అన్నీ నిజాలే అయినా అన్న నమ్మలేదు. ఎందుకంటే 'నీ వియోగము వలన విచారముగా నున్నది' అని ఏ తల్లి అయినా ఏ కొడుకుకైనా రాయించవచ్చు. 'నీ పాత కంబళి నేనే కప్పుకొంటా ఉండా' అని చెప్పగలిగే తల్లి ఆ కొడుకుకు ఒక్కతే. దిగులు అనే మాట లేకుండానే ఆ కంబళిలో దిగులంతా ఉంది. చదివేవాడు మనిషిని గుర్తుపట్టేది ఇలాంటి వాటివల్లనే. రాసేవాడు వాటిని చిన్న సంగతులనుకొని తీసివేస్తే ఆ మనిషినే తీసివేసినట్లు అవుతుంది.

ఇంత తెలిసిన తర్వాత కూడా నేను మరొక తప్పు చేశాను. కాలేజీలో చదివే రోజుల్లో ఒక కథ రాశాను. కరువులో కొడుకును పోగొట్టుకొన్న ఒక రైతుతల్లి కథ అది. ఈసారి గ్రాంథికం జోలికి పోలేదు. మా ఊరి మాటలన్నీ ఏరి ఏరి పెట్టాను. ఒక్కొక్క వాక్యంలో మూడేసి పల్లెమాటలు. సెలవులకు వచ్చినప్పుడు పెద్దమ్మకు చదివి వినిపించాను. ఆమె చివరిదాకా విని, "ఈ యమ్మ యావూరుదిరా?" అని అడిగింది. మన ఊరిదే అన్నాను. "తెల్లారినకాడినుంచి పొద్దు మునిగేదాకా ఏడస్తానే ఉందే! మరి ఆవుకు నీళ్ళు పెట్టేదెవరు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. భర్త పోయిన మూడోనాడే ఆమె లేచి పశువులకు మేత వేసిందని మా అవ్వ ఎన్నోసార్లు చెప్పింది. పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషి కూడా పొయ్యి వెలిగిస్తుంది, కల్లాపి చల్లుతుంది, ఆవుకు నీళ్ళు పెడుతుంది. ఆ నీళ్ళు పెట్టడంలోనే దుఃఖం కనిపిస్తుంది. నా కథలో మాటలు మా ఊరివే. మనిషి మాత్రం సినిమాలోనుంచి వచ్చింది. ఊరి యాసను పైన పూసినంత మాత్రాన రాత నిజమైపోదని ఆ రోజు తెలిసింది. మాట వినడం ఎంత ముఖ్యమో, ఆ మాట అంటున్నప్పుడు మనిషి చేతులు ఏం చేస్తున్నాయో చూడడం అంతే ముఖ్యం.

వినడం అనే ఈ పనికి మన భాషలో గొప్ప ఉదాహరణ ఒకటి ఉంది. అది మనలాగే ఎల్లప్రాంతంలో నివసించిన ఒక ఉపాధ్యాయుడి జీవితం. గిడుగు రామమూర్తి పంతులు 1863లో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్నారు. ఆ ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాషకు అప్పటికి పుస్తకాలు లేవు. సవర భాష, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకొని ఆయన ఆ భాష నేర్చుకొన్నారు. సవర పిల్లలకు వాళ్ళ మాటల్లోనే చదువు చెప్పించడానికి పూనుకొన్నారు. ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. మనుషుల నోటినుంచి వెలువడే మాటను అంత శ్రద్ధగా విన్న చెవి ఆయనది. తెలుగు పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, బడిలో రాసే భాష మరొకటి కావడం ఆయనకు అన్యాయంగా తోచింది. వాడుకభాషలో రాయాలని జీవితాంతం పోరాడారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఆ ఊరు వదిలి రాజమండ్రి చేరుకొన్నారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని ఇప్పుడు మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం. ఇవాళ మీరు వ్యాసంలో 'ఉన్నది', 'వచ్చింది' అని నిర్భయంగా రాయగలుగుతున్నారంటే అందులో ఆయన శ్రమ ఉంది.

మన మాటల్లో తమిళం, కన్నడం, మరాఠీ, ఒడియా కలిసి ఉంటాయని కొందరు నవ్వుతారు. అందుకు సిగ్గుపడనక్కరలేదు. తమిళనాడులో ఇడైసేవల్ అనే పల్లెలో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటిభాష తెలుగు. ఆయన తమిళంలో రాశారు. తన చుట్టూ ఉన్న నల్లరేగడి సీమ జనం మాట్లాడే తీరులోనే కథలు రాశారు. ఆ సీమ మాటలకు ఒక నిఘంటువు కూర్చారు. మన తెలుగు కుటుంబాలు ఆ నేలకు వలస వచ్చి స్థిరపడిన కథను నవలగా చెప్పారు. 1991లో ఆయనకు సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తన పల్లె మాటను ఆయన దాచుకోలేదు. ఆ మాటతోనే దేశానికంతటికీ తెలిశారు.

అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అన్ని రాతలూ ఒకే తీరుగా ఉండవు. తహసీల్దారుకు అర్జీ రాసేటప్పుడు ఎర్రావు సంగతి అవసరం లేదు; అక్కడ అందరికీ తెలిసే పద్ధతిలో, తప్పులు లేకుండా రాయాలి. అందుకే బడిలో మనకు ఆ భాష నేర్పుతారు. దానిని శ్రద్ధగా నేర్చుకోండి. నా పొరపాటు ఆ భాష నేర్చుకోవడంలో లేదు. ఒక తల్లి నోటి మాటకు బదులుగా దానిని పెట్టడంలో ఉంది.

ఇప్పుడు ఉత్తరాలు రాసేవాళ్ళు అరుదు. చేతిలో ఫోను ఉంది. పండుగనాడు ఎవరో తయారుచేసిన శుభాకాంక్షలను ఒక్క వేలితో పదిమందికి పంపుతున్నాం. నా నమూనా ఉత్తరానికీ దానికీ తేడా ఏమీ లేదు. దూరాన ఉన్న మీ అమ్మమ్మకు పంపేటప్పుడు, ఆ రోజు మీ ఇంట్లో ఏం వండారో ఒక్క వాక్యం సొంతంగా చేర్చి చూడండి. ఆమె దేనికి జవాబిస్తుందో మీకే తెలుస్తుంది.

మీలో సోలాపూరులో మగ్గం చప్పుడు మధ్య పెరిగేవాళ్ళు ఉంటారు. కోలారు దగ్గర రాగిచేలలో తిరిగేవాళ్ళు, బరంపురం వీధుల్లో రెండు భాషలు ఒకేసారి మాట్లాడేవాళ్ళు, యానాంలో గోదావరి గట్టున ఆడుకొనేవాళ్ళు ఉంటారు. గోదావరి గట్టు యానాం పిల్లలకు సొంతం. వాళ్ళు రాస్తే అది నిజం. మా హోసూరు పిల్లలు రాస్తే అది అరువు సొమ్ము. రాసే ముందు ఒకసారి బయటికి వెళ్ళి చూడండి. రాసిన తర్వాత పైకి చదవండి. ఎవరిని గురించి రాశారో ఆ మనిషి వింటే 'ఇది నేనే' అంటుందా, 'ఈ యమ్మ యావూరుది?' అంటుందా అని ప్రశ్నించుకోండి.

నేను ఉద్యోగం విరమించడానికి ముందు ఏడాది, 'మా ఊరు' వ్యాసాల కట్ట ఎప్పటిలాగే దిద్దుతున్నాను. పచ్చని పైరు, గలగల పారే ఏరు వరసగా వస్తున్నాయి. ఏడో తరగతి అమ్మాయి పుస్తకం తెరిచాను. ఆ వ్యాసం ఒక పేజీ కూడా లేదు. అందులో ఇలా రాసి ఉంది: "మా నాయన క్వారీలో పనిచేస్తాడు. సాయంత్రం ఇంటికి వస్తే అందరిలాగా ముందు కాళ్ళు కడుక్కోడు. ముందు కళ్లు కడుక్కుంటాడు. ఆ తర్వాతనే మమ్మల్ని చూస్తాడు."

నేను ఎర్రసిరా కలం పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. వ్యాసంలో ఇంకోచోట ఒక ఒత్తు తప్పు ఉంది, అది దిద్దాను. మిగిలిన దానిమీద కలం పెట్టలేదు. మర్నాడు తరగతిలో ఆ అమ్మాయినే నిలబడి చదవమన్నాను. ఆమె చదువుతుండగా మధ్యాహ్నపు మందు పేలి కిటికీలు అదిరాయి. పిల్లలందరూ ఒక్కసారిగా తలలు తిప్పి గుట్ట వైపు చూశారు.